తెర మీది మేధ: తెలుగు టీవీ నాటకంలో ఆలోచించే మనిషి
(గిడుగు వేంకట రామమూర్తి స్మారక ఉపన్యాసం)



గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి చేరువలోని పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరం మహారాజా వారి ఇంగ్లీషు పాఠశాలలో గురజాడ అప్పారావు గారికి సహాధ్యాయిగా చదివి, పర్లాకిమిడిలో దీర్ఘకాలం ఉపాధ్యాయుడిగా పనిచేసి, 1940 జనవరి 22న కన్నుమూశారు. చదువు పుస్తకం జనం మాట్లాడే భాషలో ఉండాలన్న ఆయన పట్టుదల వెనుక, తెలివి కొందరి సొత్తుగా మిగిలిపోకూడదన్న గట్టి నమ్మకం ఉన్నది. ఆయన పేరిట జరిగే సభలో టీవీ సీరియళ్ల ప్రస్తావన ఏమిటని కొందరికి తోచవచ్చు. అయితే తెలివైన మనిషి ఎలా ఉంటాడో, చదువుకున్న ఆడపిల్ల ఏం చేస్తుందో నేడు ఎక్కువ ఇళ్లలో రోజూ సాయంత్రం చూపుతున్నది టీవీ నాటకమే కనుక, పంతులుగారి ఆశయాన్ని గౌరవించే వారికి ఆ బొమ్మను పరీక్షించే బాధ్యత కూడా ఉంటుంది.

ఈ ఉపన్యాసం చెప్పదలచిన మాట ఒక్కటే. తెలుగు టీవీ నాటకం మేధావిని గౌరవిస్తుంది గాని, ఆ మేధ పనిచేయడాన్ని చూపదు. ఆలోచన నిజంగా పనిచేస్తూ కనిపించే కొద్ది చోట్లా అది కుట్రగానే కనిపిస్తుంది. ఈ లోపానికి మూలం కథ నడిపే పద్ధతిలో ఉన్నది కనుక, దీన్ని దిద్దుకోవడం సాధ్యమే.

1. విషయం, దాని హద్దులు

టీవీ నాటకం అనే మాటను ఇక్కడ విశాలమైన అర్థంలో తీసుకోవడం జరిగింది. వారానికి ఐదారు రోజులు వచ్చే డైలీ సీరియల్, దూరదర్శన్ కాలంలో పదమూడేసి భాగాలుగా అనుమతి పొంది వారానికొకసారి వచ్చిన ధారావాహిక, ఇంటర్నెట్ ద్వారా ఫోన్‌లోనూ టీవీలోనూ చూసే ఓటీటీ సిరీస్, ఈ మూడూ అందులోకి వస్తాయి. మేధావి అన్న మాటకు ఇక్కడ ఉద్దేశించిన అర్థం కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. ఒక సమస్యను పట్టుకుని, అది తేలేదాకా వదలక, తేలనప్పుడు ఎందుకు తేలలేదో వెతికే శక్తి సగటు కంటే ఎక్కువగా ఉన్న వ్యక్తి మేధావి. ఆ శక్తి లెక్కల్లో ఉండవచ్చు, సంగీతంలో ఉండవచ్చు, వలలు అల్లడంలోనో తగవులు తీర్చడంలోనో కూడా ఉండవచ్చు.

ఆ శక్తి తెర మీద కనబడాలంటే మూడు విషయాలు చూపాలి: మనిషి దేన్ని గురించి ఆలోచిస్తున్నాడు, ఎక్కడ తప్పాడు, ఆ తప్పును ఎలా పట్టుకున్నాడు. ఈ మూడూ లేని చోట మేధ ఒక బిరుదుగా మాత్రమే మిగులుతుంది.

2. ర్యాంకుగా మారిన మేధ

తెలుగు సీరియళ్లలో తెలివైన పాత్రలకు కొరత లేదు. స్టార్ మాలో 2020లో మొదలైన ‘గుప్పెడంత మనసు’లో నాయిక వసుధార చదువు కోసం పెళ్లి కాదని ఇల్లు దాటిన పిల్ల, యూనివర్సిటీ టాపర్, నాయకుడు రిషి చిన్న వయసులోనే కాలేజీ బాధ్యతలు మోసిన ఎండీ, అతని తల్లి జగతి అధ్యాపకురాలు. 2021లో వచ్చిన ‘జానకి కలగనలేదు’లో జానకికి ఐపీఎస్ కావాలని ఆశ. చదువుకున్న కోడలు వద్దనుకునే అత్తగారికి రచయితలు జ్ఞానాంబ అని పేరు పెట్టారు. 2023లో మొదలైన ‘బ్రహ్మముడి’లో కావ్య విగ్రహాలకు రంగులు వేసే చేతితోనే నగల డిజైన్లు గీయగల కళాకారిణి. ఇలాంటి పాత్రలు రావడం మంచిదే. ఆడపిల్ల చదువుకు సీరియల్ గట్టిగా మద్దతు పలికిందన్న సంగతిని ఎవరూ తక్కువ చేయకూడదు.

అయితే ఈ పాత్రల తెలివి ప్రేక్షకుడికి చేరే దారిని గమనించాలి. టాపర్ అన్న వార్త వస్తుంది, చప్పట్లు మోగుతాయి, కన్నవారి కళ్లు చెమరుస్తాయి, అసూయపడేవారి ముఖం మూడుసార్లు దగ్గరగా కనిపిస్తుంది. ఆ పిల్లకు ఏ పాఠం కొరకరాని కొయ్యగా ఉండేదో, ఏ ప్రశ్న దగ్గర రాత్రంతా ఆగిపోయిందో, ఎవరు ఏ మాట చెప్తే చిక్కు వీడిందో మాత్రం కథలో చోటు దొరకదు. పుస్తకం చేతిలో ఉంటుంది, పేజీలో ఏముందో ఎవరికీ తెలియదు. పుస్తకం తీసిన రెండు నిమిషాలకే తలుపు చప్పుడవుతుంది, అపార్థం లోపలికి వస్తుంది.

సీరియల్ మధ్యలో వచ్చే విరామంలో, ఎండాకాలం ఫలితాల రోజుల్లో, కార్పొరేట్ కళాశాలల ప్రకటనలు ర్యాంకులను పాటలా వల్లిస్తాయి. ఫొటో, అంకె, కళాశాల పేరు, అంతే. సీరియల్ చెప్పేదీ ప్రకటన చెప్పేదీ ఒకే మాట కావడం యాదృచ్ఛికం కాదు. రెండింటిలోనూ మేధ ఒక ఫలితం. ఈ సభలోని తల్లిదండ్రులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసి ఉన్నది. పాలకొండ నుంచో సాలూరు నుంచో పిల్లవాణ్ణి దూరపు హాస్టల్‌కు పంపేటప్పుడు ఆశించేది ఆ అంకెనా, లేక అంకె వచ్చినా రాకపోయినా పిల్లవాడిలో మిగిలే ఆలోచనా శక్తినా?

2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘90’స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చిన సిరీస్. అందులో తండ్రి చంద్రశేఖర్ లెక్కల మాస్టారు. మార్కుల పట్టిక ఆ ఇంటి వాతావరణాన్ని శాసిస్తుంది. చదువులో వెనకబడిన చిన్నవాడు ఆదిత్యను సిరీస్ ప్రేమగా చూసింది, మార్కుల కొలతకు అందని చురుకుదనం అతనిలో ఉందని గుర్తించింది. తెలుగు తెరకు ఇది చిన్న సంగతి కాదు.

3. తెలియకపోవడం మీద నడిచే కథ

డైలీ సీరియల్‌కు ముగింపు ముందుగా నిర్ణయమై ఉండదు. ఎంతమంది ఎంతసేపు చూస్తున్నారో అంచనా వేసే టీఆర్పీ అనే కొలత బాగున్నంతకాలం కథ సాగాలి, అది వందల భాగాలు కావచ్చు, వేలు కావచ్చు. అంతకాలం కథను మోయగల సాధనం ఒకటున్నది. నాటకశాస్త్రం తెలిసినవారికి అది పాతదే: పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి తెలియడం. ఫలానా పిల్ల ఫలానావారి బిడ్డ అని చూసేవారికి తెలుసు, తండ్రికి తెలియదు. అతనికి ఎప్పుడు తెలుస్తుందా అన్న ఆత్రమే మర్నాడు మళ్లీ టీవీ ముందు కూర్చోబెడుతుంది.

ఈ సాధనం మేధావి పాత్రకు ప్రాణాంతకం. తెలుసుకోగలగడమే మేధావి లక్షణం, తెలియకుండా ఉండటమే సీరియల్‌కు ఆయుష్షు. ‘కార్తీకదీపం’ ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. మలయాళంలోని ‘కరుత్తముత్తు’ ఆధారంగా 2017లో మొదలై 2023 దాకా పదిహేను వందలకు పైగా భాగాలు సాగి, తెలుగునాట అసాధారణమైన ఆదరణ పొందిన సీరియల్ అది. అందులో నాయకుడు కార్తీక్ పేరున్న గుండె వైద్యుడు. తనకు సంతానయోగ్యత లేదన్న తప్పుడు మాటను నమ్మి, భార్య దీప మోస్తున్న బిడ్డలు తన బిడ్డలు కారని అనుమానించి, ఏళ్ల తరబడి ఆ అనుమానంలోనే బతుకుతాడు. పితృత్వాన్ని తేల్చే డీఎన్ఏ పరీక్ష ఉన్నదని ఇంటర్ చదివే పిల్లలకు కూడా తెలిసిన కాలంలో, ఒక వైద్యుడు ఇన్నేళ్లు ఆ పరీక్ష వైపు చూడకపోవడం ప్రేక్షకులే నిలదీసిన విషయం.

దీనికి రచయితను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ పరీక్ష మొదటి నెలలోనే జరిగితే కథ మొదటి నెలలోనే అయిపోతుంది. కనుక కార్తీక్ మెడలో స్టెతస్కోపు ఉండాలి గాని, స్టెతస్కోపు పట్టినవాడి తర్కం ఉండకూడదు. ఈ దశలో తేలేది ఇది: వైద్యుడు, కలెక్టర్, ప్రొఫెసర్ అన్న హోదాలను సీరియల్ మేధకు బదులుగా వాడుకుంటుంది. హోదా పాత్రకు గౌరవం తెస్తుంది, కథను తొందరగా ముగించదు. మేధ మాత్రం కథను ముగించి తీరుతుంది.

4. ఆలోచన కుట్రగా కనబడటం

అలాగని సీరియళ్లలో ఆలోచించే పాత్రలే లేవనలేము. సమస్య ఏమిటో లెక్కవేసి, ఎదుటివారు ఏం చేస్తారో ముందే ఊహించి, ఒక దారి మూసుకుపోతే రెండో దారి వెతికి, విఫలమైతే ఎందుకు విఫలమైందో తనలో తాను తర్కించుకునే పాత్ర దాదాపు ప్రతి సీరియల్‌లోనూ ఉంటుంది. ఆ పాత్ర సాధారణంగా ప్రతినాయిక. ‘కార్తీకదీపం’లో మోనిత కూడా వైద్యురాలే. తన వైద్య జ్ఞానాన్ని ఎక్కడ, ఎలా, ఎందుకు వాడుతున్నదో ఆమె విషయంలో ప్రేక్షకుడికి అడుగడుగునా తెలుస్తుంది. మొదటి భాగంలో చెప్పుకున్న మూడు లక్షణాలూ, అంటే ఆలోచన విషయం, తప్పు, తప్పును దిద్దుకోవడం, ఆమెలో ఉన్నాయి.

ఈ అమరికను ఒక తరం పిల్లలు రోజూ చూస్తూ పెరిగితే వారి మనసులో ఏ భావం నాటుకుంటుందో ఉపాధ్యాయులు ఆలోచించాలి. మంచివారు సహిస్తారు, ఏడుస్తారు, దేవుడికి దండం పెట్టుకుంటారు, చెడ్డవారు ఆలోచిస్తారు. నాయిక గెలుపు ఆమె ఓర్పు ఫలితం, ప్రతినాయిక ఓటమి ఆమె తెలివికి శిక్ష. తెలివి ఎక్కువైన ఆడదాన్ని నమ్మరాదన్న పాత అనుమానానికి ఈ పద్ధతి కొత్త బలం ఇస్తున్నది. చదువుకోమని మాటల్లో చెప్పే సీరియలే ఆలోచించడం అనుమానించదగిన పని అని కథలో చెప్పడం చాలా విచారకరం.

5. పొరుగు తెరలు వెతికిన దారులు

ఈ చిక్కు తెలుగువారిది మాత్రమే కాదు. ఆలోచన తలలో జరుగుతుంది, కెమెరా తలలోకి పోలేదు. బ్రిటన్‌లో 2010లో మొదలైన ‘షెర్లాక్’ ఆ ఇబ్బందికి అక్షరాలను విరుగుడుగా వాడింది. డిటెక్టివ్ గమనించినవన్నీ తెర మీద మాటలుగా తేలుతాయి. చూడటానికి బాగుంటుంది గాని, ఆ వేగం వల్ల ఆలోచన ఒక మెరుపులా కనబడి, సామాన్యుడికి అందనిదన్న భావం కలుగుతుంది. అమెరికాలో 2004 నుంచి 2012 దాకా వచ్చిన ‘హౌస్’ ఇంకో దారి పట్టింది. వైద్య బృందం ఒక తెల్లబోర్డు ముందు చేరి రోగ లక్షణాలు రాసుకుని, ఒక్కో ఊహనూ పరీక్షించి కొట్టివేస్తుంది. తప్పును బాహాటంగా చూపడం ఆ సిరీస్ గొప్ప. అయితే ఆ వైద్యుడి మొరటుతనం అతని ప్రతిభలో భాగమన్నట్లు చిత్రించడం వల్ల, గొప్పవాడికి మర్యాద అక్కర్లేదన్న తప్పుడు పాఠం కూడా దానితో వచ్చింది.

దక్షిణ కొరియాలో 2013లో పుట్టి 2017లో అమెరికాకు వెళ్లిన ‘ది గుడ్ డాక్టర్’, 2022 నాటి కొరియన్ సిరీస్ ‘ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ’ ఆటిజం ఉన్న ప్రతిభావంతులను నాయకస్థానంలో నిలిపాయి. ఆటిజం అంటే నలుగురితో మెలగడంలో, మాటలూ స్పర్శా శబ్దాలూ గ్రహించడంలో పుట్టుకతో వచ్చే భిన్నత. ఆ పాత్రలు ప్రేక్షకుల సానుభూతిని విశాలం చేశాయి. కాని ఆటిజం ఉన్న ప్రతి పిల్లవాడిలోనూ అద్భుత ప్రతిభ దాగి ఉంటుందని తల్లిదండ్రులు ఆశపడేలా చేయడం, అది కనబడనప్పుడు పిల్లవాణ్ణి మళ్లీ నిరాశతో చూసేలా చేయడం వాటి వెనుక ఉన్న ప్రమాదం.

వీటన్నిటికంటే ఆరోగ్యకరమైన దారి 2020 నాటి ‘ది క్వీన్స్ గ్యాంబిట్’లో కనిపిస్తుంది. అనాథాశ్రమంలోని బెత్‌కు చదరంగం నేర్పినవాడు ఆ భవనం బాగోగులు చూసే పనివాడు, నేలమాళిగలో. చివరి పోటీలో ఆట మర్నాటికి వాయిదా పడినప్పుడు, దూరాన ఉన్న మిత్రులు కలిసి కూర్చుని ఎత్తులు పరిశీలించి ఫోన్‌లో చెబుతారు. ప్రతిభ ఒకరిదే అయినా, దాన్ని నిలబెట్టినవారు నలుగురు. భారతీయ తెరకు వస్తే, 1993లో దూరదర్శన్‌లో వచ్చిన ‘బ్యోమకేశ్ బక్షీ’ మిత్రుడు అజిత్‌తో సంభాషణగా ఆలోచనను నడిపింది. ప్రతి కథకూ ముగింపు ఉండటం వల్ల అక్కడ తెలుసుకోవడం కథకు శత్రువు కాలేదు.

6. ఈ నేలకు తెలిసిన దారి

ఆలోచనను నలుగురి ముందు పెట్టి రక్తి కట్టించడం తెలుగువారికి కొత్త విద్య కాదు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నించేవారు, అవధానిని నానావిధాల అడ్డుకుంటారు. వాటిలో నిషిద్ధాక్షరి అనే అంశాన్ని దగ్గరగా చూస్తే సభ్యులకు విషయం తేటపడుతుంది. అవధాని పద్యంలో ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం రాబోతున్నదో పృచ్ఛకుడు ఊహించి దాన్ని నిషేధిస్తాడు. అవధాని అనుకున్న మాట వదిలి, ఛందస్సు చెడకుండా, అర్థం తప్పకుండా ఇంకో మాట వైపు మళ్లాలి. అక్షరం వెంట అక్షరం, మళ్లిన ప్రతిసారీ సభ ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఇక్కడ ప్రేక్షకుడికి ఆనందం ఇచ్చేది తుది పద్యం ఒక్కటే కాదు, అది తయారవుతున్న తీరు కూడా. విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథతో పాటు అవధానంలోనూ జనాన్ని ఓలలాడించారంటే, కష్టమైన విద్యను సామాన్యులు చూడరన్న వాదం ఎంత బలహీనమో తెలుస్తుంది. 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు ఒక పిల్ల గొంతు ఎక్కడ శ్రుతి జారిందో పాడి చూపిస్తే ఇళ్లకు ఇళ్లు శ్రద్ధగా విన్నాయి. అదే ప్రేక్షకులు, అదే టీవీ.

నాటకంలోనూ ఆ దారి వేసినవారు విజయనగరంలోనే ఉన్నారు. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా కొత్త రూపం పొందిన ‘కన్యాశుల్కం’లో గురజాడ వారు తెలివికీ తెలివి వేషానికీ ఉన్న తేడాను ఎదురెదురుగా నిలబెట్టారు. గిరీశం ఇంగ్లీషు ముక్కలతో శిష్యుడు వెంకటేశాన్ని అబ్బురపరుస్తాడు, చదువు చెప్పడు. మధురవాణి తన తెలివిని ఎక్కడా ప్రకటించుకోదు. రామప్పంతులు మాటల్లోంచి ఏ రహస్యం లాగాలో, ఎక్కడ నవ్వాలో, ఎక్కడ తెలియనట్లు ఊరుకోవాలో ఆమె లెక్క సంభాషణలోనే బయటపడుతుంది. చివరి అంకంలో మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి, ఆయన పట్టుదలను ప్రశ్నలతో సడలించి, కేసులో ఇరుక్కున్న లుబ్ధావధాన్లు బయటపడే దారి చూపి, గిరీశం ముసుగు తొలగిస్తుంది. నేటి సీరియల్ ఇటువంటి చతురతను ప్రతినాయికకు అప్పగించి ఉండేది. గురజాడ దాన్ని నాటకంలోకెల్లా మానవత్వం గల పాత్రకు ఇచ్చారు. ఆలోచనకూ మంచితనానికీ వైరం లేదని నిరూపించిన నాటకం శతాబ్దం కిందటే ఇక్కడ ఉన్నది.

7. మేధకు ఉన్న గొంతు, మేధ చేసే పని

రెండు సంగతులు ఇంకా మిగిలాయి. మొదటిది యాస. ఉత్తరాంధ్ర మాట తెర మీదికి వచ్చినప్పుడు ఎక్కువగా పనిమనిషి నోటనో, వాచ్‌మన్ నోటనో, హాస్యం కోసమో వస్తుంది. వైద్యుడు, శాస్త్రవేత్త, లాయరు మాట్లాడే భాష మరొకటి. ‘ఏటి? ఎందుకలగ?’ అని నిలదీసే పిల్ల కూడా గొప్ప భౌతిక శాస్త్రవేత్త కాగలదన్న ఊహ తెరకు ఇంకా రాలేదు. కాళీపట్నం రామారావు మాస్టారి ‘యజ్ఞం’ చదివినవారికి తెలుసు, ఒక అప్పు తగవు మీద ఊరు ఊరంతా చేరి న్యాయాన్యాయాలు తర్కించుకోవడానికి ఈ ప్రాంతపు మాట ఎంత సమర్థమైనదో. వాడుక భాషకు పుస్తకంలో చోటు సంపాదించిన మహనీయుడి పేరిట జరిగే సభ, ఆ భాష మాట్లాడే మేధకు తెర మీద చోటు అడగడం సమంజసమే.

రెండోది శ్రమ. రామమూర్తి పంతులు గారు చరిత్ర పాఠం చెబుతూనే ప్రాచీన లిపులు తనంత తాను నేర్చుకుని శ్రీముఖలింగం శాసనాలు చదివారు. సవరలనే గిరిజనుల భాష నేర్చుకోవడానికి తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని, అతని నోట వింటూ, రాసుకుంటూ, దిద్దుకుంటూ వచ్చారు. సవర ముండా కుటుంబపు భాష. గొంతులో గాలి ఒక్కసారి ఆగి పలికే ధ్వని వంటివి అందులో ఉన్నాయి, వాటికి తెలుగు లిపిలో గుర్తులు లేవు. మన్యంలో తిరిగి జ్వరాల పాలై, క్వినైన్ వాడకం వల్ల వినికిడి దెబ్బతిన్నా, ధ్వనుల మీద పని మానలేదు. కుమారుడు సీతాపతి గారు తోడు నిలిచారు. సవర పిల్లలకు వాచకాలు, బడులు వచ్చాయి. దశాబ్దాల కృషి తర్వాత సవర భాషా గ్రంథం 1931లో మద్రాసులో అచ్చయింది. ఒక మెరుపు గాని, ఒక ర్యాంకు గాని లేని ఈ జీవితంలో నాటకానికి కావలసిన సంఘర్షణ, స్నేహం, ఓటమి, పట్టుదల అన్నీ ఉన్నాయి. మేధ అంటే ఏమిటో చూపడానికి ఇంతకంటే మంచి కథ దొరకడం కష్టం.

8. చేయదగిన పనులు

రచయితలకు, నిర్మాతలకు చేసే మొదటి విన్నపం, ముగింపు తెలిసిన చిన్న ధారావాహికలు రాయమని. ఎనిమిదో, పదమూడో భాగాల కథలో పాత్ర నిజం తెలుసుకోవడం కథకు ముగింపు అవుతుంది గాని ముప్పు కాదు. ఓటీటీ ఆ వెసులుబాటును ఇప్పటికే ఇచ్చింది. రెండో విన్నపం, డైలీ సీరియల్ రాయక తప్పనప్పుడు కూడా నాయికకు కనీసం ఒక్క సమస్యను ఆమె తెలివితోనే, ప్రేక్షకుల కళ్ల ముందు, తప్పులతో సహా పరిష్కరించే అవకాశం ఇవ్వమని. లెక్కల్లో దిట్ట అని చెప్పిన పిల్ల చేత ఒక లెక్క చేయించాలి. మూడోది, గురువు పాత్రను తిరిగి తీసుకురమ్మని. ప్రతిభ గల పిల్లకు ఎవరో ఒకరు ఏదో ఒకటి నేర్పి ఉంటారు. ఆ నేర్పడం చూపితే రేటింగ్ పడిపోతుందన్న భయానికి పైన చెప్పిన పాటల కార్యక్రమమే సమాధానం.

ఉపాధ్యాయ మిత్రులకు చేసే విన్నపం ఇంకా సులువైనది. పిల్లలు సీరియళ్లు ఎలాగూ చూస్తారు. నిన్నటి భాగంలో ఫలానా పాత్రకు ఆ విషయం ఎలా తెలిసింది, తెలియకపోతే తెలుసుకోవడానికి ఏం చేసి ఉండాలి అని తరగతిలో ఒక్క ప్రశ్న వేస్తే చాలు. డాక్టర్ కార్తీక్ ఏ పరీక్ష చేయించాలో చెప్పగల పిల్లలు ఎచ్చెర్లలోనూ చీపురుపల్లిలోనూ ఎందరో ఉన్నారు. చూసిన కథను ప్రశ్నించడం నేర్చిన పిల్లవాడు పాఠాన్ని ప్రశ్నిస్తాడు, ప్రకటనను ప్రశ్నిస్తాడు, రేపు పాలకులను కూడా ప్రశ్నిస్తాడు. ఆలోచించడం మంచివాళ్లు చేసే పనే అని ఆ పిల్లవాడికి ధైర్యం చెప్పవలసిన బాధ్యత ఇంటికీ, బడికీ, తెరకూ సమానంగా ఉన్నది. ఇందులో ఇల్లూ బడీ ముందుగా కదిలితే తెర వెనకాలే వచ్చి తీరుతుంది.